పొలము, లేసు, చేతిలోని ఫోను



గడచిన దాళ్వా కోతలైన పిమ్మట విత్తనశుద్ధి పద్ధతిని చూపుటకై నరసాపురము దాపున నొక గ్రామమునకు పోయితిని. అచ్చట నొక కౌలురైతు కుమార్తె అరుగుమీద కూర్చుండి, తల్లి అల్లిన లేసును తన ఫోనుతో ఫొటో తీయుచుండెను. “చదువుకున్న పిల్ల, పొలం పని చూసుకోక ఈ బొమ్మల పిచ్చి యేమిటండీ?” అని తండ్రి నన్నడిగెను. నాడు తగిన సమాధానము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పబూనితిని.

నరసాపురపు లేసు అల్లిక నిన్నటిది కాదు. 1844 ప్రాంతమున స్కాట్లండు దేశపు మిషనరీ దంపతులు దీనిని గోదావరి తీరమున నేర్పిరని చెప్పుదురు. పేద రైతుల యిండ్ల స్త్రీలు నాట్లకును కోతలకును నడుమ దొరకిన వేళలలో నూలుదారముతో అల్లిన సరకు సముద్రములు దాటి పరదేశముల బల్లలను అలంకరించినది. అయినను అల్లిన చేతికి దక్కినది స్వల్పమే. మరియా మీస్ అను జర్మను విదుషి యీ స్త్రీలనుగూర్చి 1982లో ప్రకటించిన గ్రంథమున దీని కారణమును చూపినది. లోకపు విపణికి సరకు చేయువారిని ఉత్తి గృహిణులుగా నెంచి, వారి కష్టమును తీరికవేళ కాలక్షేపముగా లెక్కగట్టుటచేత కూలి అడుగంటెనని యామె చెప్పినది. కళ్ళములోనే దళారి చెప్పిన ధరకు ధాన్యము కొలిచి యిచ్చిన రైతునకు ఈ కథ క్రొత్తది కాదు గదా!

ఆ బాలిక చేయుచున్న దేమి? రవికె అంచులకును చీర కొంగులకును తగిన నమూనాలను తల్లిచే అల్లించి, తమ వరిచేనును, తల్లి చేతులను గూడ చూపుచు ఇన్‌స్టాగ్రామున ఉంచుచున్నది. కొనువానికి అల్లినవారి ముఖము తెలియుచున్నది. అల్లినవారికి కొనువాని ధర తెలియుచున్నది. ఇది పిచ్చి కాదు, వ్యాపారము. పంట మునిగిన యేడు కౌలు చెల్లించుటకు ఇంటిలో మరియొక రాబడి యుండుట వ్యవసాయమునకు ద్రోహము కాదు, దానికి ఊతము.

కాని యొక భయము గలదు. పదిమంది అల్లిన సరకు ఒక్క ఫోను ద్వారా పోయి, లెక్క ఆ ఒక్కరికే తెలిసినచో, ఫోను గలవారే రేపటి దళారులగుదురు. మరియు యంత్రముపై చేసిన చవుక లేసు మన చేతిపని పేరుతో అమ్ముడుపోవచ్చును. 1999 నాటి చట్టము క్రింద నరసాపురపు క్రోషే లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ చట్టము ప్రకారము ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావలయును. నమోదు లేని యింటికి ఆ గుర్తింపు పరుల పెట్టెలోని పట్టా వంటిది.

కావున నా అభిప్రాయ మిది. ఇట్టి యువతీయువకులను సంఘములు తమలో చేర్చుకొనవలయును. అమ్మకపు ఖాతా సంఘము పేర నుండవలయును. ప్రతి ఫొటో క్రింద కొలత, దారము, పట్టిన దినములు, వెల వ్రాయవలయును. అల్లినవారి కూలి సరకు అప్పగించిన నాడే ముట్టవలయును. మెలకువ చూపిన పిల్లకు ఆమె శ్రమకు తగిన భాగము నిర్ణయింపవలయును. ఉచితముగా చేయించుకొనుట గూడ దోపిడియే.

ఆ 1844లోనే ఇంగ్లండునందలి రోచ్‌డేలు పట్టణమున నేతగాండ్రు మొదలగు శ్రామికులు తమ కొలది సొమ్ము కూర్చి అంగడి తెరచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము వారి నియమములు. ఫోను వచ్చినంతమాత్రమున ఆ నియమములు పాతబడలేదు.

ఆ తండ్రికి నా సమాధాన మొక్కటే: అయ్యా, పిల్ల చేతిలోని ఫోనును లాగుకొనకుము, ఆమె ప్రక్కన కూర్చుండి లెక్కపుస్తకము తెరువుము.