బొగ్గు అయిపోయాక మందమర్రికి ఏం మిగలాలి?

దసరాకు లాభాల వాటా, దీపావళికి పీఎల్‌ఆర్ బోనస్ పడితే మందమర్రి మార్కెట్ కళకళలాడుతుంది. కిరాణా, బట్టలు, మటన్ దుకాణం, టైలర్... అందరి గిరాకీ ఆ పైసల మీదే. బాయి పనికి పోని మన ఇళ్లు కూడా బాయి జీతాల మీదే నడుస్తున్నాయి.

ఆ జీతాలు ఎంతకాలం? 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు పర్మినెంట్ ఉద్యోగులు 40 వేల దగ్గరకు వచ్చారు. బొగ్గు మాత్రం తగ్గలేదు, 2023–24లో 7 కోట్ల టన్నులు తీశారు. ఓపెన్‌కాస్ట్‌లో యంత్రాలు పెరిగాయి, కాంట్రాక్టు కూలీ పెరిగింది. అంటే బొగ్గు ఉండగానే ఊరికి వచ్చే జీతం తగ్గుతోంది. బావులు ఒక్కొక్కటే మూతపడితే ఊరు ఎలా చల్లబడుతుందో పక్కనున్న బెల్లంపల్లిని చూస్తే తెలుస్తుంది. కంపెనీకి వేరే దారి ఉంది, 2025లో ఒడిశాలోని నైనీ బ్లాకులో పని మొదలుపెట్టింది. మందమర్రి ఎక్కడికి పోతుంది?

కామర్స్ చదివినవాళ్లకు తెలిసిన హిసాబే ఇది. దుకాణంలో సరుకు అమ్మి, కొత్త సరుకు కొనకుండా మొత్తం ఖర్చు పెడితే అది లాభం కాదు, మూలధనం తినడం. బొగ్గు కూడా అంతే, ఒకసారి తీస్తే మళ్లీ పుట్టదు. తీసినదానికి బదులు నీరు, నేల, చదువు, కొత్త పని రూపంలో ఊరికి తిరిగి కూడబెట్టాలి. దీన్నే ఇప్పుడు రీజెనరేటివ్ ఎకనామిక్స్ అంటున్నారు. మనకు ఈ ఆలోచన కొత్తది కాదు. వక్ఫ్‌లో అసలు కదలదు, దాని ఆదాయమే ఖర్చవుతుంది.

జర్మనీలోని రూర్ బొగ్గు ప్రాంతం ఈ పని ముందుగానే చేసింది. చివరి గని 2018లో మూతపడింది. దానికి 11 ఏళ్ల ముందే, 2007లో, ఒక ఫౌండేషన్ పెట్టారు. పాత గనుల నీళ్లు ఎప్పటికీ తోడుతూనే ఉండాలి, ఆ ఖర్చు దాని ఆదాయం నుంచే వస్తోంది.

మన దగ్గర పైసలు లేవా? ఉన్నాయి. వంద రూపాయల బొగ్గు మీద రాయల్టీ 14 రూపాయలు. పాత లీజులకు ఆ రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, అంటే రూ.4.20, జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. ఏటా వచ్చేదాంట్లో కొంత శాశ్వత నిధిగా పక్కన పెట్టి జీవనోపాధికి వాడాలని 2015 కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. మూసేసిన గనిని బాగు చేయడానికి కంపెనీ వేరే ఎస్క్రో ఖాతాలో డబ్బు జమ చేయాలి.

మరి అడిగేదెవరు? అసలు చిక్కు ఇక్కడే. మందమర్రి షెడ్యూల్డ్ ప్రాంతం. పార్లమెంటు చట్టం చేయకుండా అక్కడ మున్సిపల్ పాలన నిబంధనలు వర్తించవని రాజ్యాంగం 243జెడ్‌సీ అధికరణ చెబుతోంది. 2001లో బిల్లు పెట్టారు, పాస్ కాలేదు. రెండు దశాబ్దాలు దాటినా ఎన్నికలు లేవు, అధికారులే నడుపుతున్నారు. ఆదివాసుల భూమికి రక్షణ ఉండాల్సిందే. కానీ ఆదివాసులకూ మనకూ కౌన్సిలర్ లేకపోవడం వల్ల ఎవరికి మేలు?

అందుకే అడగాల్సినవి మూడు. శాశ్వత నిధిలో ఎంత ఉందో వార్డువారీగా చెప్పాలి. మట్టిగుట్టలు, గని నీళ్ల మీద వచ్చే పనుల్లో స్థానిక యువతకు మొదటి అవకాశం ఇవ్వాలి. బిల్లును మళ్లీ తేవాలని మన ఎంపీని అడగాలి. డిపెండెంట్ ఉద్యోగం ఒక ఇంటిని ఒక తరం నిలబెడుతుంది. ఊరు నిలబడాలంటే బొగ్గు ఉన్నప్పుడే లెక్క అడగాలి.