పలక పట్టకముందు

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. బోగోలు మండలపు జువ్వలదిన్నెవంటి సాగరతీర గ్రామములలో ఇల్లు గడచుటయే కష్టమగు ఆ రెండు మాసములే, కాన్వెంటులవారు కరపత్రములు పంచుచు, మూడేండ్లు నిండిన బిడ్డకు నర్సరీలో చోటు కావలెనన్న ఇప్పుడే కొంత పైకము కట్టవలెనని త్వరపెట్టు కాలమును గూడ. జూన్ రెండవ వారమున బడులు తెఱచునప్పటికి పడవ ఇంకను ఒడ్డుననే యుండును. ఫీజునకు మాత్రము నిషేధకాలము లేదు.

అప్పుచేసియైనను బిడ్డను పసుపుపచ్చ వ్యానునెక్కించి కావలికి పంపు తలిదండ్రులను పరిహసించువారిలో నేనొకడను గాను. బిట్రగుంటలో ఆవిరియంత్రముల షెడ్డు వెలుగొందిన దినములలో రైల్వే కొలువుగల కుటుంబము ఎంత నిశ్చింతగా జీవించెడిదో చుట్టుపట్ల పల్లెలవారు చూచియేయున్నారు. ఆ యంత్రములు పోయినను, ఇంగ్లీషు వచ్చినవానికి నెలజీతము తప్పదను విశ్వాసము మాత్రము ఈ సీమను విడిచి పోలేదని నాకు తోచును. ఆ విశ్వాసము నిర్హేతుకము కాదు. దానిని మూడేండ్ల శిశువు వ్రేళ్లపై ప్రయోగించుటయే నా యభ్యంతరము.

1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలోని బడులనుగూర్చి మద్రాసు రెవెన్యూ బోర్డునకు పంపిన నివేదికను చదివినవారికి, నాటి బాలుడు అయిదవయేటగాని బడి ముఖము చూడలేదనియు, చూచిన పిమ్మటను మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుకొనెడివాడనియు తెలియును. ఆ ఇసుకబడి పద్ధతినే ఆండ్రూ బెల్ అనునతడు మద్రాసులో చూచి ఇంగ్లండునకు కొనిపోయెను. ఆ కాలము మరల రావలెనని నేను కోరుటలేదు: అందరికన్న ముందు వచ్చినవాని యరచేత సరస్వతి నామమును, రెండవవాని చేతిలో సున్నయు వ్రాసి, ఆ వెనుక వచ్చినవారికి వరుసగా ఒకటొకటి హెచ్చుగా బెత్తపుదెబ్బలు వడ్డించుటయు ఆ నివేదికయందే కలదు. ఆ మోటు పంతులు సైతము అయిదేండ్లకు ముందు బిడ్డ జోలికి పోలేదు. మనము పోవుచున్నాము, అదియును నాలుగుగీతల పుస్తకముతో.

నేటి విద్యావేత్తల మాటయు దీనికి భిన్నము కాదు. 2020 జాతీయ విద్యావిధానము ఆరేండ్లు నిండినపిమ్మటనే ఒకటవ తరగతి యని చెప్పినది. పునాది దశకై 2022లో వెలువడిన పాఠ్యప్రణాళికా చట్రము, మూడు మొదలు ఆరేండ్ల బిడ్డలకు నిర్ణీత పాఠ్యపుస్తకములే వలదన్నది. 1939లో మద్రాసు అడయారునకు వచ్చిన మరియా మాంటిస్సోరి, నీళ్లు ఒంపుట, బొత్తాములు పెట్టుట, గరుకుకాగితపు అక్షరములను తడుముట మొదలగు పనులచే చేయి ముందు సిద్ధపడవలెనని బోధించెను. ఆమె పేరు తగిలించుకొన్న బడులు మన పట్టణములలో వీధికొకటి కలవు. వానిలో ఎన్నింట ఆ పనులు జరుగునో లోనికి పోయి చూచినగాని తెలియదు.

కావున లోనికి పోయి చూడవలెను. గోడమీది బొమ్మలను గాక నేలను చూడుడు. బిడ్డలు దానిపై కూర్చుండి ఏదో ఒకటి పేర్చుచున్నారా, చేతులు కట్టుకొని వరుసలలో ఉన్నారా? మరుగుదొడ్డి ఆ పసివాని యెత్తునకు తగినదా, కుళాయిలో నీరు వచ్చునా? వ్యానులో అరగంటసేపు కుదుపులు తిని, నడుమ మూత్రమునకు వలసినచో ఎవరితో చెప్పుకొనును? అన్నింటికన్న ముఖ్యముగా, కడుపులో నొప్పియని టీచరుతో ఏ భాషలో చెప్పును? ఆ మాటకు ఇంగ్లీషు తడుముకొనవలసిన చోట నా మనుమనిని నేనైతే ఒక్క పూటయైనను ఉంచను. ప్రాసపద్యములు అప్పగించుట చూచి మురియు తలిదండ్రులు, అదే బిడ్డ ఇంటికి వచ్చి బడిలో జరిగినది ఒక్కటైనను తనంత తాను చెప్పునేమో గమనించినచో, ఏ బడి మంచిదో వారికే తెలియును.

ఇన్ని పరీక్షలకును నిలువదగినది, సిద్ధాంతరీత్యా, వీధి చివరనున్న అంగన్‌వాడి. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, బడికి రాలేని గిరిజన శిశువుల వాకిళ్లకే బడిని తరలించి, గింజలు గులకరాళ్లతో చదువు చెప్పిన ప్రయోగమునుండి ఆ భావన వికసించినది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము దానిని దేశమంతటికి చేర్చినది. సిద్ధాంతరీత్యా అంటినే! పోషకాహారము, టీకాలు, బరువులు తూచుట, గర్భిణుల పరామర్శ, సెల్‌ఫోనులో వివరములు ఎక్కించుట, వీనియన్నింటి నడుమ మిగిలిన సమయములో ఒక కార్యకర్తయు ఒక ఆయాయు పూర్వ ప్రాథమిక విద్య నేర్పవలెనట. 2023 డిసెంబరులో మొదలిడి 42 దినములు సాగిన సమ్మెలో ఈ రాష్ట్రపు అంగన్‌వాడి స్త్రీలు జీతముకొఱకు వీధిలో కూర్చుండిరి. ఆ దినములలో మన పత్రికలలో బిడ్డల చదువునుగూర్చిన ప్రశ్న దాదాపు వినరాలేదు. గుడ్లు, పాలు ఆగినవని వగచితిమి. ఆట ఆగినదని ఎవ్వరును అనలేదు, ఏలయన అక్కడ ఆటయు ఒక చదువేయని మనమెన్నడును నమ్మియుండలేదు.

2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరేండ్లు దాటిన బాలునికి చదువును హక్కుగా ఇచ్చి, దాటనివానికై రాజ్యము యత్నింపవలెనని మాత్రము 45వ అధికరణమున పలికినది. ఆ యత్నమునకు మొదటి మెట్టుగా ప్రతి కేంద్రమునకు బడిపని తప్ప మఱేదియు చేయనక్కఱలేని ఒక శిక్షకురాలిని నియమింపవలెను. వేళలనుగూడ సవరింపవలెను. వేకువనే చేపలగంప నెత్తికెత్తుకొను తల్లికి తొమ్మిదింటికి తెఱచు కేంద్రము వలన సగము మేలే కలుగును. కావలి వ్యానుకు ఆమె యొద్ద పైకము లేదు, ఎంచుకొనుటకు రెండవ బడియు లేదు.