వేషం వాళ్లకు సరదా, మనకు సంకటం

మన పత్రికలో సినిమా కబుర్లేంది, అవీ తొంభయ్యేళ్ల కిందటి అమెరికా సినిమా కబుర్లేంది అని మీలో కొందరికి చిరాకు రావచ్చు. కూలి రేట్ల గురించి, శ్మశానం స్థలం గురించి రాయాల్సిన పేజీ ఇది. కాదనను. కానీ మొన్న మా బడిలో ఒక మాట వచ్చింది. దానికి జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మాతో పనిచేసే ఒక సారుకి పాత ఇంగ్లీషు సినిమాలంటే ప్రాణం. మనిషి చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయనన్నాడు: ‘‘1930ల్లో అమెరికా ఆకలితో అల్లాడింది మాస్టారూ. అట్లాంటి రోజుల్లో కూడా ఎంత అందమైన ప్రేమకథలు తీశారో చూడండి. కోటీశ్వరుడి కూతురూ, ఉద్యోగం ఊడినోడూ ఒక్కటవుతారు. బట్టలు మారిస్తే ఎవరు గొప్పో ఎవరు తక్కువో దేవుడు కూడా చెప్పలేడు. మీరేమో పొద్దస్తమానం పుట్టుక, పుట్టుక అంటారు.’’ అని ఒక పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు.

చూశాను. ముందు నిజం ఒప్పుకోవాలి. నవ్వాను. కడుపుబ్బ నవ్వాను.

మొదటిది 1934లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’. బ్యాంకు యజమాని కూతురు తండ్రి మీద అలిగి ఓడలోంచి సముద్రంలోకి దూకి పారిపోయి, మయామీలో న్యూయార్క్ బస్సెక్కుతుంది. అదే బస్సులో పని పోగొట్టుకున్న విలేకరి ఉంటాడు. దారిలో డిటెక్టివులు వెతుక్కుంటూ వస్తే ఇద్దరూ మొగుడూపెళ్లాల్లాగా అరుచుకుని, ఆమె కుళాయిలు బాగుచేసేవాడి కూతురిలాగా నటించి తప్పించుకుంటారు. రాత్రి ఒకే గదిలో రెండు మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తారు. అదే వాళ్ల మధ్య గోడ. చివర్న దుప్పటి కింద పడుతుంది, కథ కంచికి. ఈ సినిమాకి ఉత్తమ చిత్రంతో సహా అయిదు ఆస్కార్లు వచ్చాయి.

ఎందుకు నచ్చింది జనానికి? 1933లో అమెరికాలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకడికి పని లేదు. అట్లాంటి జనం హాలులో కూర్చుని, కోటీశ్వరుడి కూతురికి కాఫీలో డోనట్ ముంచుకు తినటం కూడా చేతకాదని చూసి నవ్వుకున్నారు. ఉన్నోణ్ణి చూసి లేనోడు నవ్వటం మంచిదే. ఆ నవ్వు మీద నాకు కోపం లేదు. నా ప్రశ్న ఒక్కటే. వేషం తీసేశాక లోపల ఎవరున్నారు?

ఆ పిల్ల దొరికిపోయుంటే ఏమయ్యేది? తండ్రి ఇంటికి, మెత్తటి పరుపు మీదికి పోయేది. అంతేగా! పేదరికం ఆమెకు నాలుగురోజుల తిరునాళ్ల.

రెండో సినిమా ‘మై మాన్ గాడ్‌ఫ్రే’, 1936ది. న్యూయార్క్‌లో గొప్పింటి వాళ్లు ఒక ఆట ఆడతారు. పనికిరాని వస్తువులు ఏరుకొచ్చే ఆట. ఆ జాబితాలో ఒక వస్తువు పేరు ‘మరిచిపోయిన మనిషి’. నది ఒడ్డున చెత్తకుప్పల మధ్య గుడిసెల్లో ఉండే నిరుద్యోగిని ఒకణ్ణి పట్టుకొచ్చి నిలబెడతారు. వాడే గాడ్‌ఫ్రే. ఆ ఇంట్లో నౌకరుగా చేరి వాళ్లకే బుద్ధి చెబుతాడు. ఇంటి చిన్నకూతురు మనసిస్తుంది. ఎంత పదునైన సినిమానో! కానీ చివరికి తేలేదేంది? గాడ్‌ఫ్రే పేదోడు కాడు. బోస్టన్‌లో పేరుమోసిన సంపన్నుల బిడ్డ. అంటే ఆ పిల్ల మనసు పారేసుకుంది తన వర్గం వాడి మీదే.

అదే ఇంట్లో మోలీ అని పనిమనిషి ఉంది. వేషం కాదు, నిజం పనిమనిషే. ఆమె కూడా గాడ్‌ఫ్రేని ప్రేమిస్తుంది. అతని కోటుకి గుండీ కుడుతూ ఏడుస్తుంది. సినిమా అయిపోయేటప్పటికి మోలీకి ఏం దక్కింది? ఏమీ లేదు. దొంగ నౌకరుకి యజమాని కూతురు. నిజం నౌకరుకి సూదీ దారం. ఇదీ లెక్క.

ఇక అసలు సంగతి. బస్సెక్కిన ఆ కోటీశ్వరుడి కూతురుగా వేసింది క్లాడెట్ కోల్బర్ట్. అదే ఏడాది, 1934లోనే, ఆమె ఇంకో సినిమా చేసింది. ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’. రెండూ ఆ ఏడాది ఉత్తమ చిత్రం పోటీలో నిలబడ్డాయి. సారు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఇది లేదు. నేనే వెతుక్కుని చూశాను.

ఇందులో కోల్బర్ట్ బిడ్డతల్లి అయిన విధవరాలు. ఆమె ఇంట్లో పనికి డెలైలా అనే నల్లజాతి తల్లి చేరుతుంది. డెలైలా చేతి అట్ల రుచితో యజమానురాలు కొట్టు పెట్టి, పిండి పొట్లాలు అమ్మి, కోట్లు గడిస్తుంది. పొట్లం మీద డెలైలా బొమ్మ. ఆమెకిస్తామన్న వాటా నూటికి ఇరవై. ఇంత డబ్బొచ్చాక కూడా డెలైలా ఉండేది కింది గదిలోనే. అలసి వచ్చిన యజమానురాలి కాళ్లు పిసికేది ఆమే. దీన్ని సినిమా స్నేహం అంటుంది!

డెలైలా కూతురు పియోలా. రంగు తెలుపు. బడిలో ఎవరికీ చెప్పదు. ఒకరోజు వాన పడుతుందని తల్లి తరగతి గదికి వస్తుంది. ఈ తరగతిలో నల్లపిల్లలెవరూ లేరమ్మా అంటుంది టీచరు. తల్లి కళ్లు బిడ్డను వెతుకుతాయి. బిడ్డ పుస్తకం చాటున ముఖం దాచుకుంటుంది. పెద్దయ్యాక ఒక హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పియోలా, వెతుక్కుంటూ వచ్చిన తల్లిని ఎవరో నాకు తెలియదంటుంది. తల్లి ఆ దిగులుతోనే పోతుంది.

చూశారా? అదే నటి, అదే ఏడాది, అదే ముసుగు. పైనున్నోళ్లు కిందికి వేషం వేస్తే హాస్యం. కిందున్నోళ్లు పైకి వేషం వేస్తే చావు.

ఇది కథకుల పొరపాటు కాదు. హాలీవుడ్ 1930లో రాసుకుని, 1934 మధ్య నుంచి గట్టిగా అమలు చేసిన నియమావళిలో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య సంబంధం తెర మీద చూపకూడదని రాసి ఉంది. పొరపాటున ఎవరు ఎవర్ని ప్రేమించొచ్చో కూడా ముందే రాసిపెట్టారన్నమాట. ఫ్లోరిడా, జార్జియాల్లో ఆ రోజుల్లో బస్సులో నల్లవాళ్లు వెనక సీట్లకే పోవాలి. దారి పక్క గదులు వాళ్లకు ఇవ్వరు. గది లేనివాళ్లకు దుప్పటి గోడ ఎక్కడిది? 1935లో వృద్ధాప్య పింఛను చట్టం వస్తే, ఇంటిపనినీ పొలంపనినీ అందులోంచి తీసేశారు. నల్లవాళ్లలో ఎక్కువమంది చేసేది ఆ రెండు పనులే.

బడిలో ఆ సన్నివేశం దగ్గర నేను ఆపేసి బయటికొచ్చి కూర్చున్నాను. ఎందుకో చెబుతాను.

ఇరవై ఏళ్ల కిందట, కొత్తగా ఉద్యోగమొచ్చి ఒక పట్టణంలో గది కోసం తిరిగాను. మూడు గడపల్లో ఒకటే ప్రశ్న: ‘‘మీరేవిట్లు?’’ చెప్పాను. మూడు చోట్లా గది ఉన్నట్టుండి అన్నకొడుక్కో అల్లుడికో కావాల్సొచ్చింది. నాలుగో గడపలో అబద్ధం చెప్పాను. గది దొరికింది. రెండు నెలల తర్వాత అమ్మ ఊర్నించి సంచిలో కందిపప్పు పోసుకుని, అడ్రసు అడుక్కుంటూ వచ్చింది. అరుగు మీద నుంచి ఓనరమ్మ ‘‘ఎవరు మాస్టారూ?’’ అంది. ‘‘మా ఊరామె. మా పొలంలో పనికొస్తది’’ అన్నాను.

అమ్మ విన్నది. నన్నొకసారి చూసింది. గుమ్మం బయటే సంచి దించి, ‘‘వస్తానయ్యగారూ’’ అని నాకే చెప్పి వెళ్లిపోయింది. నా కోసం ఆమె కూడా వేషం కట్టింది. ఆ నెలాఖరుకే గది ఖాళీ చేశాను. బతికున్నన్నాళ్లూ అమ్మ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. ఇప్పుడు చెప్పండి సారూ, ఇందులో ఎక్కడ నవ్వాలి?

మన దగ్గర మాత్రం? 1955లో వచ్చిన మన ‘మిస్సమ్మ’ నాకూ ఇష్టమే. ఆ కథకు మూలం ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ రచన. అదీ ఆ 1930ల నాటిదే. ఉద్యోగం కోసం ఇద్దరు నిరుద్యోగ బీఏలు మొగుడూపెళ్లాలుగా నటించి జమీందారు బడిలో పంతుళ్లుగా చేరతారు. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు మేరీ. ఎట్లా కలుపుతారా అని చూస్తుంటే, కాలి మీద పుట్టుమచ్చ దొరుకుతుంది. మేరీ మేరీ కాదట, తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అట! గోడ పడలేదు. అసలు గోడే లేదని తేల్చి పెళ్లి చేశారు. వాళ్ల పుట్టుమచ్చ మేడెక్కిస్తుంది. మన పుట్టుమచ్చ గది ఖాళీ చేయిస్తుంది.

ఈ సినిమాలు నడిచే న్యూయార్క్‌లోనే 1913 నుంచి 1916 దాకా చదువుకున్నాడు బాబాసాహెబ్ అంబేడ్కర్. 1917లో బరోడా ఉద్యోగానికి వస్తే తల దాచుకునే చోటు లేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజు కర్రలతో వచ్చి నిలదీసి, సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. అంత చదువూ ఆ రోజు అక్కరకు రాలేదు. కానీ ఆయన ఆ సంగతి దాచుకోలేదు. 1930ల్లో, పైన చెప్పిన సినిమాలు ఆడుతున్న రోజుల్లోనే, స్వయంగా రాసిపెట్టాడు. పియోలాగా వేసిన ఫ్రెడీ వాషింగ్టన్ కూడా అంతే. తెల్లదానిగా చలామణి కాగల రంగు ఉండీ, బయట ఆ వేషం కట్టనంది. 1937లో నల్ల కళాకారుల సంఘం నిలబెట్టినవాళ్లలో ఆమె ఒకరు.

సినిమాలు చూడొద్దని నేననను. నవ్వండి. నవ్వాక, వేషం కింద ఎవరున్నారో అడగండి. మోలీ ఏమైందో అడగండి. పట్నంలో పేరు దాచుకుని బతుకుతున్న మన పిల్లల్ని మాత్రం తిట్టకండి. సిగ్గు పడాల్సింది అబద్ధం చెప్పినోడు కాదు, గడప మీద ఆ ప్రశ్న అడిగినోడు.

సంఘం బాధ్యులకు ఒక మాట. 1936లో న్యూయార్క్ హార్లెంలో విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి ఒక చిన్న పుస్తకం వేశాడు. నల్లవాళ్లకు గది ఎక్కడిస్తారో, అన్నం ఎక్కడ పెడతారో రాసిన జాబితా. మొదట న్యూయార్క్ వరకే, తర్వాత దేశమంతటికీ పాకి మూడు దశాబ్దాలు నడిచింది. మనలో పంతుళ్లున్నారు, కండక్టర్లున్నారు, పోస్ట్‌మాన్లున్నారు. ‘మీరేవిట్లు’ అని అడగకుండా గది ఇచ్చే ఇళ్లు ఏ పట్టణంలో ఎన్నున్నాయో మనమూ రాద్దాం. ఈ ఏడు కాలేజీకి పోయే పిల్లల చేతిలో ఆ కాగితం పెడదాం. అడిగే ఇళ్లేవో కూడా రాద్దాం. వాళ్ల గడప దగ్గరికి సంఘంగా పోదాం.

ఏ అమ్మా కొడుకుని అయ్యగారూ అని పిలవాల్సిన అవసరం ఉండకూడదు. జై భీం!