తన తగవునకు తానే తీర్పరి

లోకమందలి రాజ్యములన్నియు సమానములని ఐక్యరాజ్య సమితి చార్టరు రెండవ అధికరణమున చెప్పుచున్నది. 27వ అధికరణమునకు వచ్చుసరికి అయిదు రాజ్యములకు మాత్రము వీటో లభించినది. ఈ వైరుధ్యమును చూచి వీటోను సమూలముగా తీసివేయవలెనని పలువురు వాదించుచున్నారు. మేము వారితో ఏకీభవింపజాలము. చార్టరును సవరింపవలెనన్న ఆ యయిదు రాజ్యముల యామోదమే కావలెను. అదియునుగాక, పెద్ద రాజ్యములు లేని సభ యేమగునో నానాజాతి సమితి చరిత్రము తెలుపుచున్నది. అమెరికా అందు చేరనే లేదు. జపాను, జర్మనీలు 1933లో వైదొలగుచున్నట్లు ప్రకటించినవి. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తగా సమితి ఆంక్షలు విధించెను గాని, అందు చమురును చేర్చుటకు సాహసింపలేదు!

అయినను పెద్దలను సభలో నిలుపుకొనుట వేఱు, వారి తగవునకు వారినే తీర్పరులను జేయుట వేఱు. చార్టరు వ్రాసినవారు ఈ భేదము నెఱుంగనివారు కారు. శాంతియుత పరిష్కారమునకు సంబంధించిన ఆఱవ అధ్యాయపు నిర్ణయములలో, వివాదమున కక్షిదారైన రాజ్యము ఓటు వేయరాదని 27వ అధికరణము మూడవ ఖండమున స్పష్టముగా నున్నది. 1950, 1951 సంవత్సరములలో భద్రతా మండలి సభ్యరాజ్యముగా నున్న భారతదేశము కాశ్మీర తీర్మానములపై తటస్థముగా నుండెను. మన యొక్క ఓటుతో అవి ఆగియుండెడివి కావు. అయినను నియమము చెల్లినది.

పెద్దల నడవడి యిట్లు లేదు. 1956 అక్టోబరు 30న, బలప్రయోగము వలదన్న తీర్మానమును వీటో చేసిన బ్రిటను, ఫ్రాన్సులు మఱునాడే ఈజిప్టుపై బాంబులు కురిపించినవి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయినుపై దండెత్తిన రష్యా, మఱునాడు పదునొకండు రాజ్యములు బలపఱచిన తీర్మానమును ఒక్క ఓటుతో కూల్చినది. ఆనాడు మన ప్రభుత్వము తటస్థముగా నుండెననియు చెప్పక తప్పదు. ఇట్టి వేళల, ఇది ‘వివాదము’ కాదు, ‘పరిస్థితి’ యనియో, ఆఱవ అధ్యాయము కాదు, ఏడవది యనియో తప్పించుకొనుట సులభమైనది. వీటో పడినపుడెల్ల పదిపనిదినములలో సర్వప్రతినిధి సభ చర్చింపవలెనని 2022 ఏప్రిలులో ఏర్పాటు జరిగినది. మంచిదే; కాని చర్చ తీర్పు కానేరదు.

భారతదేశము భద్రతా మండలిలో శాశ్వత స్థానమును కోరుచున్నది. ఆ కోరికతోపాటు, మూడవ ఖండమును అక్షరాల అమలు జరుపవలెనని మన ప్రతినిధులు పట్టుపట్టవలెను. తనకు వీటో లభించినను, తాను కక్షిదారైన ఏ తగవునను, అధ్యాయ భేదము లేక, దానిని వాడబోనని భారతదేశము ముందుగానే ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.