అప్పీలు గడువు: కాలం మనకోసం ఆగదు

కాటారం వంటి మారుమూల మండలంలో సివిల్ దావా ఓడిన కుటుంబం కుంగిపోతుంది; ఆ నిస్పృహలోనే అప్పీలు గడువు కరిగిపోతుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం జిల్లా కోర్టుకు 30 రోజుల్లో, హైకోర్టుకు 90 రోజుల్లో అప్పీలు దాఖలు చేయాలి. తీర్పు నకలు పొందడానికి పట్టిన కాలాన్ని మినహాయిస్తారు గనుక, నకలుకు వెంటనే దరఖాస్తు చేయడం మేలు. గడువు దాటితే 5వ సెక్షన్ కింద తగిన కారణం చూపవచ్చు. అయితే మన్నింపు కోర్టు విచక్షణే గాని మన హక్కు కాదు.

ఆక్రమిత వక్ఫ్ స్థలాల స్వాధీనానికి వేసే దావాలకు కాలపరిమితి వర్తించదన్న 107వ సెక్షన్‌ను 2025 సవరణ మార్చివేసింది. ఇది అన్యాయమే. దానిపై పోరాడుతూనే మస్జిద్ కమిటీలు దస్తావేజులను భద్రపరచాలి, గడువు తేదీలను గుర్తుంచుకోవాలి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా లభించే ఉచిత న్యాయ సహాయం గురించి ఇంటింటా తెలియజేయాలి.