రెండో లోలాకు నేర్పే పాఠం



మన స్కూల్లో 7వ తరగతికి వారానికి ఒక క్రాఫ్ట్ పీరియడ్ ఉంది. నలభై నిమిషాలు. ఈ టర్మ్‌లో ఆ పీరియడ్‌లో పిల్లలు పూసలతో చెవి లోలాకులు తయారు చేస్తున్నారు. దాన్ని తీసేసి స్టడీ అవర్‌గానో, ఫౌండేషన్ క్లాస్‌గానో మార్చమని కొందరు పేరెంట్స్ అడుగుతున్నారు. "ఇంత ఫీజు కట్టేది పూసలు గుచ్చడానికా?" అన్న మాట కూడా విన్నాను. అడగడంలో తప్పు లేదు. ఫీజు ఎంత కష్టపడి కడతారో నాకు తెలుసు. అయితే వచ్చే టర్మ్ టైమ్‌టేబుల్ తయారయ్యేలోపు, ఆ పీరియడ్‌కు క్రాఫ్ట్ టీచర్‌తో పాటు వెళ్తున్న ఇంగ్లిష్ టీచర్‌గా నా అభిప్రాయం కూడా మీ ముందు పెట్టాలనిపించింది.

ముందుగా పిల్లలు చేస్తున్నదేమిటో చెప్తాను. పూసలకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 11 నంబరు పూస సుమారు 2 మిల్లీమీటర్లు, 8 నంబరుది సుమారు 3, 6 నంబరుది సుమారు 4. పిల్లల చేతికి 8 నంబరు సులువు. మొదట ఏడు పూసల్ని పక్కపక్కన నిలబెట్టి నైలాన్ దారంతో కుడతారు. పై వరుసలో వచ్చే ప్రతి పూసనూ కింది రెండు పూసల మధ్య ఉన్న దారానికి తగిలిస్తారు. ఇంటి గోడకు ఇటుకలు పేర్చినట్టే ఉంటుంది కాబట్టి దీన్ని బ్రిక్ స్టిచ్ అంటారు. ఏడు పూసల మధ్య సందులు ఆరే. అందుకే రెండో వరుసలో ఆరు పూసలు, ఆ పైన ఐదు, అలా చివరికి ఒకటి. త్రికోణం తయారవుతుంది. దాని కొసన హుక్కు, అడుగున ఏడు కుచ్చులు.

ఇక్కడే లెక్క మొదలవుతుంది. త్రికోణానికి ఎన్ని పూసలు కావాలి? ఒకటి నుంచి ఏడు దాకా కూడితే 28. అడుగు వరుస పది పూసలైతే? కొందరు వేళ్ల మీద కూడారు. ఒక అబ్బాయి మాత్రం పదిని పదకొండుతో హెచ్చించి సగం చేసి 55 అన్నాడు. కుచ్చులు 5, 7, 9, 11, 9, 7, 5 పూసల చొప్పున వేస్తే 53. మొత్తం 81, జతకు 162. గ్రాఫ్ కాగితం మీద రంగులు వేసుకుని, ఏ రంగు పూసలు ఎన్ని కావాలో ముందే రాసుకున్న వాళ్లకు పూసలు సరిపోయాయి. రాసుకోని వాళ్లకు నాలుగో కుచ్చు దగ్గర ఎరుపు అయిపోయింది. ప్లానింగ్ గురించి నేను చెప్పే మాటలకన్నా ఆ అయిపోయిన ఎరుపు పూసే వాళ్లకు బాగా నేర్పింది.

అసలు పరీక్ష రెండో లోలాకు దగ్గర. మొదటిది ఊహను బట్టి ఎలాగో ఒకలా వచ్చేస్తుంది. నచ్చిన రంగు నచ్చిన చోట పెట్టొచ్చు. రెండోది అచ్చం దానిలాగే రావాలి. పొడవు తేడా వస్తే చెవులకు పెట్టుకోగానే తెలిసిపోతుంది. మొదటిసారి ఏం చేశామో గుర్తుండాలి, లేదా రాసి ఉండాలి. దారం అంతే బిగువుగా లాగాలి. కొత్తదనం అయిపోయి విసుగు మొదలయ్యే చోట కూడా అంతే శ్రద్ధ పెట్టాలి. మన పిల్లలు మొదలుపెట్టడంలో చురుకు. చేసిన పనిని మళ్లీ అదే నాణ్యతతో చేయడం నేర్పే అవకాశాలు మాత్రం మా క్లాసుల్లో తక్కువే. సమాధానం తప్పయితే రెడ్ ఇంక్‌తో నేను దిద్దుతాను. పూసల్లో తప్పు పిల్లలకే కనిపిస్తుంది, తామే విప్పుతారు, మళ్లీ తామే కుడతారు.

నా సబ్జెక్టుకు వస్తాను. వివరంగా, వరసగా చెప్పమనడానికి మన పెద్దవాళ్లు "పూసగుచ్చినట్టు చెప్పు" అంటారు. ఇంగ్లిష్ క్లాసులో ఆ పనే చేయించాను. లోలాకు తయారీని ఇంగ్లిష్‌లో స్టెప్పులుగా రాసి పక్క సెక్షన్ పిల్లలకిచ్చాం. వాళ్లు అది చదివి, రాసినవాళ్లను ఏమీ అడగకుండా తయారు చేయాలి. ఒక కాగితంలో మొదటి స్టెప్ "టేక్ సమ్ బీడ్స్" అని ఉంది. ఎన్ని? ఏ నంబరు? చదివినవాళ్లు అక్కడే ఆగిపోయారు. కుచ్చు వేసేటప్పుడు చివరి పూసను వదిలేసి, మిగతా వాటిలోంచి సూదిని వెనక్కి తీయాలి. లేదంటే కుచ్చు మొత్తం జారిపోతుంది. ఆ ఒక్క వాక్యం మరచిపోయిన వాళ్ల కుచ్చులన్నీ జారాయి. మూడోసారి రాసిన కాగితాల్లో 'బిఫోర్', 'ఆఫ్టర్', 'త్రూ', 'ఎక్సెప్ట్' సరైన చోట కూర్చున్నాయి. గైడ్‌లోంచి బట్టీ పట్టిన పేరాలో ఇంత కచ్చితమైన ఇంగ్లిష్ రాదు.

ఇది ఆడపిల్లల పని అన్న మాట కూడా వచ్చింది. ఏర్పేడు దగ్గర పాపానాయుడుపేట గాజు పూసల తయారీకి పేరుపడిన ఊరు. కరిగిన గాజును సన్నని పొడవాటి గొట్టంలా సాగదీసి, చిన్న ముక్కలుగా కోసి, అంచులు నున్నబడేలా మళ్లీ వేడి చేసే పద్ధతి అక్కడిది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దాదాపు 2000 ఏళ్ల కిందటే ఇలా సాగదీసిన గాజుతో పూసలు చేసేవారు. అవి సముద్రం దాటి ఆగ్నేయాసియాకు వెళ్లాయి. కొలిమి దగ్గర నిలబడి గాజు సాగదీసే పనిలో కెమిస్ట్రీ ఉంది, ఫిజిక్స్ ఉంది, వ్యాపారం ఉంది. అది ఏ ఒక్కరి పనీ కాదు. మా క్లాసులో అందరికన్నా సమంగా వచ్చిన జత ఒక అబ్బాయిది. వాళ్ల అమ్మగారి కోసం చేశాడు.

జాతీయ విద్యా విధానం 2020 కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలు చేతి పనులు స్వయంగా చేసి చూడాలని చెప్తోంది. పుస్తకాల సంచి లేని పది రోజులు స్థానిక పనివారి దగ్గర గడపాలని కూడా అందులో ఉంది. మనం చేస్తున్నది వారానికి నలభై నిమిషాలే.

పూసలు గుచ్చితే ర్యాంకు వస్తుందని నేను అనను. అలాంటి హామీ ఇచ్చి ఈ పీరియడ్‌ను కాపాడుకోవాలని లేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా మన పిల్లలు చేసే ప్రతి పనికీ మార్కులున్నాయి. మార్కులు లేకపోయినా మనసు పెట్టి ఒక పని పూర్తి చేసే అలవాటు ఎక్కడో ఒకచోట దొరకాలి. అందుకే దీనికి గ్రేడ్ పెట్టవద్దని కూడా నేను కోరుతున్నాను.

మీ నుంచి కావలసిన సాయం కొంత ఉంది. రెడీమేడ్ కిట్ కొనివ్వకండి. అందులో డిజైన్ వేరేవాళ్లు చేసేసి ఉంటారు. బేగంబజార్‌లోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో విడి పూసలు దొరుకుతాయి, మీ ఊరి ఫ్యాన్సీ షాపులో ఉన్నా చాలు. ఎంచుకోవడం పిల్లలకే వదలండి. రాత్రి పదకొండింటికి అమ్మ కూర్చుని పూర్తి చేసి పంపవద్దు. వంకరగా ఉన్నా వాళ్లదే పంపండి. హుక్కుల విషయంలో మాత్రం జాగ్రత్త. చవక లోహంలో నికెల్ ఉంటే కొందరికి చెవి దురద పెట్టి పుండు పడుతుంది. సర్జికల్ స్టీల్‌వో, వెండివో తీసుకోండి. ఇంట్లో చంటిపిల్లలుంటే పని అయ్యాక పూసలు ఏరి, సూదులు లెక్కపెట్టి డబ్బాలో పెట్టించండి. యూనిఫాంతో వేలాడే లోలాకులు వేసుకోకూడదన్న రూలు అలాగే ఉంటుంది, ఆటల్లో చెవి తెగే ప్రమాదం ఉంది కాబట్టి. ఆదివారం వేసుకోనివ్వండి.

క్రాఫ్ట్ పీరియడ్ ఉండాలా వద్దా అన్నది ఈ నెల డైరీలో రాసి పంపండి. రాసే ముందు మీ పాప చేసినవో, బాబు చేసినవో ఆ జతను పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది ఎలా చేశావని అడిగి, చెప్పేదాకా వినండి.

— ఇంగ్లిష్ టీచర్, 6, 7 తరగతులు