తప్పు సెల్ఫ్‌ది కాదు!

మా బాబాయి పాత అంబాసిడర్‌కు పెట్రోలు ఇంజిన్ తీయించి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. షెడ్డు నుంచి వచ్చిన మర్నాడే బండి మొరాయించింది. తాళం తిప్పితే 'టక్' మంటుంది, అంతే. కొత్త బ్యాటరీ వేశారు. సెల్ఫ్ మోటారు విప్పించి బ్రష్‌లు మార్పించారు. అయినా అదే 'టక్'. ఇంకోసారి తిప్పేసరికి బానెట్ కింద నుంచి కాలిన వాసన! తెరిచి చూస్తే యాక్సిలరేటర్ కేబుల్ చెయ్యి పెట్టలేనంత వేడి.

కరెంటుకు ఆ కేబుల్‌తో ఏం పని? అక్కడే ఉంది కిటుకు. బ్యాటరీ నెగెటివ్ బండి బాడీకి బిగించి ఉంటుంది. ఇంజినేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే ఇంజిన్‌నూ బాడీనీ కలుపుతూ మందపాటి ఎర్త్ పట్టీ ఉంటుంది. ఇంజిన్ దించేటప్పుడు విప్పిన ఆ పట్టీని మళ్లీ బిగించడం మర్చిపోయారనుకోండి... సెల్ఫ్ లాగే వందల ఆంపియర్ల కరెంటు వెనక్కి వెళ్లే దారిలేక సన్నటి కేబుల్ మీద పడుతుంది. కేబుల్ కాలి మంటలు రేగినా ఆశ్చర్యం లేదు.

పరీక్ష తేలికే. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయండి. జంపర్ కేబుల్‌ను ముందు బ్యాటరీ నెగెటివ్‌కు, తర్వాత ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి తగిలించి తాళం తిప్పండి. ఇంజిన్ చకచకా తిరిగిందా, లోపం ఎర్త్‌దే. తిరగకపోతే అప్పుడు పాజిటివ్ వైరునూ సెల్ఫ్‌నూ చూడాలి. పట్టీ బిగించేచోట తుప్పూ రంగూ గీకేయాలి.

బాబాయి బండికి చివరికి పడింది ఒక్క పట్టీయే. ఇంజిన్ మార్పిస్తున్నారా? డబ్బులిచ్చే ముందు ఓ మాట అడగండి: "ఎర్త్ బిగించావా, తమ్ముడూ?"